సెలవు రోజున ఖాళీ వదిలే పట్టిక: రిజర్వు బ్యాంకు పాత డాలర్ రేట్లపై సమీక్ష

జూలై నెల వచ్చిందంటే విజయవాడలోని మా ఆడిటర్ గారి ఆఫీసులో మిగతా ఫైళ్లన్నీ ఒక మూలకు జరిగి, రిటర్నుల ఫైళ్లు బల్లల మీదికి వస్తాయి. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి ఏదో ఒక రూపంలో డాలరుతో సంబంధం ఉంటుంది. అమెరికా కంపెనీల హైదరాబాద్ శాఖల్లో పనిచేస్తూ జీతంతో పాటు షేర్లు పుచ్చుకునేవారు, అక్కడ కొన్నేళ్లు ఉండి తిరిగి వచ్చినా పాత ఖాతాలు మూయనివారు, పిల్లల పేరున అక్కడ డబ్బు దాచినవారు వీరిలో ఉంటారు. ఎవరి కాగితాలు తీసినా చివరికి తేలవలసిన ప్రశ్న ఒక్కటే: ఫలానా తేదీన డాలరు ఎంత? ఇవాళ్టి రేటు చెప్పడానికి ప్రతి ఫోనూ సిద్ధంగా ఉంటుంది. పాత తేదీ రేటు, అదీ పన్ను అధికారి అడిగితే ధైర్యంగా చూపించగల రేటు కావాలంటే మాత్రం ఎక్కడ వెతకాలో తెలిసి ఉండాలి. ఈ పనికి నేను ఏళ్ల తరబడి వాడుతున్న రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోని రిఫరెన్స్ రేటు (పనిదినాల్లో రోజుకొకసారి ప్రకటించే ప్రామాణిక మారకపు రేటు) పాత పట్టికల గురించి, వాటి పక్కన పెట్టుకుని చూడవలసిన మరి రెండు మూడు చోట్ల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను.

ఆ పేజీ చూడముచ్చటగా ఉండదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ కరెన్సీ అన్నది ఎంచుకుంటే తేదీలు, వాటికి ఎదురుగా అంకెలతో ఒక సాదా పట్టిక వస్తుంది. ఎగుడుదిగుడు గీతలు, ఎరుపు బాణాలు, మధ్యలో అడ్డం వచ్చే ప్రకటనలు అందులో ఉండవు. చందా కట్టనక్కరలేదు. ఒక ఏడాది రేట్లన్నీ ఒకేసారి దింపుకుని ఎక్సెల్‌లో పెట్టుకోవడం అలవాటైన నాలాంటివారికి ఇంతకంటే కావలసింది లేదు.

ఈ అంకెను నేను నమ్మడానికి రిజర్వు బ్యాంకు పేరు ఒక్కటే కారణం కాదు; అది ఎలా పుట్టిందో దాపరికం లేకుండా చెప్పడం అసలు కారణం. 2018 జూలై 10కి ముందు ముంబయిలోని ఎంపిక చేసిన బ్యాంకులను మధ్యాహ్నం వేళ అడిగి, వారు చెప్పిన ధరలను బట్టి రిజర్వు బ్యాంకే ఈ రేటు కట్టేది. ఆ తేదీ నుంచి ఈ బాధ్యత ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా అనే సంస్థకు, అంటే వాడుకలో ఎఫ్‌బీఐఎల్‌కు, వెళ్లింది. ఉదయం 11.30కి, 12.30కి నడుమ చీటీ తీసినట్టుగా ఒక పావుగంటను ఎంచుకుని, ఆ పావుగంటలో బ్యాంకుల మధ్య నిజంగా జరిగిన లావాదేవీల నుంచి సగటు కట్టి, మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ప్రకటిస్తారు. ఏ పావుగంట అన్నది ముందుగా ఎవరికీ తెలియకపోవడంలోనే కిటుకు ఉంది. తెలిస్తే ఆ కాసేపూ ధరను పైకో కిందికో నెట్టాలని చూసేవారు ఉండనే ఉంటారు. కాబట్టి ఇది రోజంతటి సగటు కాదు, సాయంత్రం ముగింపు ధరా కాదు. మధ్యాహ్నపు ఒక క్షణానికి తీసిన ఫొటో వంటిది. రూపాయి బాగా ఒడిదుడుకులకు లోనైన రోజుల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2013 ఆగస్టు 28న పత్రికలన్నీ డాలరు 68.80 దాటిందని రాశాయి, పట్టికలో మాత్రం ఆ రోజుకు 68.36 ఉంటుంది. రెండూ నిజమే, వేళలు వేరు.

పట్టికలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం, కొత్తగా చూసేవారు లోపమనుకునేదే: సెలవు రోజున అది నోరు మెదపదు. 2024 మార్చి 31కి రేటు కావాలని వెతికితే దొరకదు, ఎందుకంటే అది ఆదివారం. ముందు రోజు శనివారం, దానికి ముందు రోజు గుడ్ ఫ్రైడే. పట్టిక మార్చి 28 గురువారం దగ్గర 83.37 అని చెప్పి ఆగిపోతుంది. పబ్లిక్ ఇష్యూలకు వచ్చే కంపెనీల ప్రాస్పెక్టస్‌లు తిరగేసే అలవాటు ఉన్నవారు ఈ అంకెను చూసే ఉంటారు: మార్చి 31 నాటికి డాలరు 2022లో 75.81, 2023లో 82.22, 2024లో 83.37 అని చిన్న పట్టిక వేసి, ఆ తేదీ సెలవైతే అంతకు ముందరి పనిదినపు రేటు చూపామని కింద చిన్న అక్షరాల్లో రాస్తారు. కోట్ల రూపాయల ఇష్యూలకు పనికొచ్చిన ఆ ఒక్క వాక్యమే మా ఆఫీసులోని చిన్న రిటర్నుకూ మార్గదర్శకం.

ఇక్కడ ఒక మెలిక గుర్తుంచుకోవాలి. ఈ సెలవులు ముంబయి సెలవులు, మనవి కావు. ఫిబ్రవరి 19న శివాజీ జయంతి. బెజవాడలో బ్యాంకులు మామూలుగా తెరిచే ఉంటాయి, పట్టికలో మాత్రం ఆ తేదీ కనిపించదు. జూన్ 2న హైదరాబాద్‌లో తెలంగాణ అవతరణ దినోత్సవ సెలవు ఉంటుంది, పనిదినమైతే పట్టికలో అంకె మాత్రం ఉంటుంది. మనకూ వారికీ కలిసి వచ్చే పండుగ వినాయక చవితి. అదే ఒకసారి నన్ను ఇరుకున పెట్టింది.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకాయన 2022 సెప్టెంబర్‌లో తన అమెరికా షేర్లు కొన్ని అమ్మారు. మేము ఇంతకాలం అనుసరిస్తూ వచ్చిన 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లోని 115వ నిబంధన ప్రకారం, మూలధన లాభాన్ని రూపాయల్లోకి మార్చేటప్పుడు అమ్మిన రోజు రేటు చూడకూడదు. అమ్మిన నెలకు ముందు నెల చివరి రోజు రేటు చూడాలి. అంటే ఆగస్టు 31. ఫోన్‌లో ఉన్న ఒక కరెన్సీ యాప్ తెరిచి ఆ తేదీ వేయగానే నాలుగు దశాంశాలతో నిఖార్సైన అంకె వచ్చింది. వచ్చిందే చాలునని ఫారంలో వేసేశాను. మా ఆడిటర్ గారు ఫైలు చూస్తూ ఆ గడి దగ్గర ఆగి, ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, "ఆ రోజు వినాయక చవితి కదమ్మా, ఉండ్రాళ్లు తిన్నావా, మార్కెట్ చూశావా?" అన్నారు. ముంబయిలో ఆ రోజు మార్కెట్ తెరవనే లేదు. యాప్ చూపిన అంకె ఏ దేశపు ఏ వేళదో, ఎవరు ఎవరికి అమ్మిన ధరో ఆ తెర మీద ఎక్కడా లేదు. రిజర్వు బ్యాంకు పట్టికలో ఆగస్టు 30 తర్వాత నేరుగా సెప్టెంబర్ 1 ఉంది. ఖాళీని ఖాళీగా చూపే పట్టికకు, ఖాళీని తనకు తోచిన అంకెతో పూడ్చే యాప్‌కు మధ్య తేడా నాకు ఆ రోజే తెలిసివచ్చింది. యాప్‌లు పనికిరానివని నేను అనను. విదేశానికి వెళ్లే ముందు ఖర్చు ఎంతవుతుందో అంచనా వేసుకోవడానికి అవి బాగానే ఉంటాయి. సంతకం పెట్టవలసిన కాగితం మీదికి మాత్రం వాటి అంకెను తేకూడదు.

అయితే రిజర్వు బ్యాంకు పట్టికతోనే పన్ను లెక్క మొత్తం తేలిపోతుందని కూడా అనుకోకూడదు. 115వ నిబంధన అడిగేది రిఫరెన్స్ రేటు కాదు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా ప్రకటించే టీటీ బయ్యింగ్ రేటు. టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ అన్న పాత మాట ఇంకా బతికి ఉన్న చోట్లలో ఇదొకటి. దేశంలో తంతి సేవ 2013లోనే ముగిసింది, బ్యాంకు రేట్ల పట్టికలో మాత్రం తంతి ఇంకా మోగుతూనే ఉంది. టీటీ బయ్యింగ్ అంటే మన డాలర్లను బ్యాంకు మన దగ్గర కొనే ధర, కనుక బ్యాంకు తన లాభం చూసుకుని దాన్ని మార్కెట్ ధర కంటే కొంత తక్కువగా పెడుతుంది. ఆదాయం తక్కువగా తేలడం పన్ను కట్టేవారికి మేలే. ఇది తెలియక రిఫరెన్స్ రేటు వేసి అనవసరంగా ఎక్కువ పన్ను కట్టినవారి రిటర్నులు కూడా నేను చూశాను. స్టేట్ బ్యాంక్ రేట్ల పట్టిక రోజూ మారుతుంది, అందువల్ల ప్రతి నెల చివరి పనిదినాన ఆ పీడీఎఫ్‌ను దింపి ఒక ఫోల్డర్‌లో వేసుకోవడం మా ఆఫీసులో నియమం. అది చేతిలో ఉన్నా పక్కన రిజర్వు బ్యాంకు అంకె పెట్టి చూస్తాను. రెంటికీ మధ్య తేడా రూపాయిలోపు ఉందంటే సరే, అంతకు మించిందంటే ఎక్కడో తేదీ తప్పినట్టే.

కరెన్సీల విషయంలో ఈ సేవ మొదటి నుంచీ పిసినారి. డాలరు, పౌండు, యూరో, యెన్ అనే నాలుగింటి మీదే అది చాలాకాలం నడిచింది. యెన్ చూసేవారు ఒక్క యెన్‌కు కాక 100 యెన్‌లకు రేటు ఇస్తారని గమనించాలి. గమనించకపోతే లెక్క వంద రెట్లు తప్పుతుంది. మన వైపు నుంచి ఎక్కువమంది అడిగే గల్ఫ్ కరెన్సీల పాత రేట్లకు దొడ్డిదారి వెతుక్కోక తప్పదు. యూఏఈ దిర్హమ్ కొంత సులభం: 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హమ్‌లు అని కట్టివేసి ఉంది కాబట్టి ఆ రోజు డాలరు రేటును 3.6725తో భాగిస్తే చాలు. కువైట్ దినార్ అలా లొంగదు. 2007 మే నుంచి అది ఒక్క డాలరుకు కాక కొన్ని కరెన్సీల బుట్టకు ముడిపడి ఉంది, కనుక కువైట్ సెంట్రల్ బ్యాంకు ఇచ్చే రేటు నుంచి ఒక్క దినార్‌కు ఎన్ని డాలర్లో చూసుకుని, దాన్ని డాలరు-రూపాయి రేటుతో గుణించాలి. రాజంపేట, రాయచోటి, కోనసీమ వైపు నుంచి ఎన్నో కుటుంబాలు కువైట్ డబ్బు మీద ఇళ్లు కట్టుకున్నాయి. వారికి నేరుగా పనికొచ్చే పాత పట్టిక లేకపోవడం నా దృష్టిలో ఈ సేవకున్న పెద్ద కొరత. పోనీ దినార్‌కూ రూపాయికీ చుట్టరికం లేదా అంటే, అంతకంటే దగ్గరి చుట్టరికం మరొకటి లేదు. కువైట్‌లో ఒకప్పుడు చెలామణీ అయింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా నోట్లు కూడా వేసింది. 1961 ఏప్రిల్ 1న దినార్ పుట్టినప్పుడు ఒక్క దినార్‌కు పదమూడు రూపాయలు, ఇంకో రూపాయిలో మూడో వంతు చొప్పున మార్చి ఇచ్చారు.

ఇంతవరకూ చెప్పింది రోజువారీ రేట్ల సంగతి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే రిజర్వు బ్యాంకు ఏటా వెలువరించే గణాంకాల హ్యాండ్‌బుక్ తెరవాలి. అందులో ఆర్థిక సంవత్సరాల వారీగా సగటు రేట్లు, ఏడాది చివరి రేట్లు వేర్వేరుగా ఉంటాయి. ఇది మంచి పట్టికే గాని, వాడేవారికి జాగ్రత్త తెలియకపోతే చేటు చేస్తుంది. 1990-91 సగటు 17.94 రూపాయలు, 1991-92 సగటు 24.47 రూపాయలు అని ఉంటుంది. చూసినవారు ఆ రెండో ఏడాదిలో డాలరు మెల్లగా పెరుగుతూ పోయిందనుకుంటారు. జరిగింది అది కాదు. ప్రధానిగా పీవీ నరసింహారావు, ఆర్థికమంత్రిగా మన్మోహన్ సింగ్ బాధ్యతలు చేపట్టి రెండు వారాలు తిరగకముందే, 1991 జూలై 1న ఒకసారి, 3న మరొకసారి రూపాయి విలువను తగ్గించారు. ఇరవై ఒక్క రూపాయల దగ్గర ఉన్న డాలరు మూడు రోజుల్లో ఇరవై ఆరుకు చేరువైంది. అంటే 24.47 అన్నది జూన్ నెల రేటూ కాదు, ఆగస్టు నెల రేటూ కాదు. ఆ ధర దగ్గర డాలరు దాదాపు ఒక్క రోజు కూడా నిలవలేదు. సగటు అన్నది లెక్కల్లో నిజం, బజారులో లేనిది. ఆ ఏడాది అమెరికా నుంచి తండ్రి పంపిన డబ్బును ఇప్పుడు లెక్కగట్టుకునే కొడుకు ఈ సగటును వేసుకుంటే, డబ్బు మే నెలలో వచ్చి ఉంటే ఎక్కువగా, సెప్టెంబర్‌లో వచ్చి ఉంటే తక్కువగా తేలుతుంది.

దాని తర్వాతి ఏడాది ఇంకా చిక్కు. 1992 మార్చి నుంచి 1993 ఫిబ్రవరి చివరి దాకా దేశంలో ఒకే రోజున డాలరుకు రెండు రేట్లు ఉండేవి. బయటి నుంచి వచ్చిన డాలర్లలో 40 శాతాన్ని ప్రభుత్వం కట్టిన రేటుకు, 60 శాతాన్ని మార్కెట్ రేటుకు మార్చేవారు. 1993 మార్చి 1న ఆ రెండూ ఒకటయ్యాయి. కాబట్టి 1992 డిసెంబర్‌లో డాలరు ఎంత అని అడిగితే, ఎవరి డాలరు అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే. ఒక్క అంకెతో జవాబు చెప్పే ఏ వెబ్‌సైట్ అయినా ఆ ఏడాదిని సగమే చెబుతున్నట్టు. పాత బ్యాంకు చలాన్లు చూసేవారికి ఇంకో గండం ఉంది: 1993 ఆగస్టు 2 దాకా మన బ్యాంకులు ఒక డాలరుకు ఇన్ని రూపాయలని కాక 100 రూపాయలకు ఇన్ని డాలర్లని తిరగేసి రాసేవి. ఆ కాగితం మీద అంకె పెద్దదైతే రూపాయి బలపడినట్టు, చిన్నదైతే బలహీనపడినట్టు. ఇప్పటి అలవాటుకు నేరుగా వ్యతిరేకం.

రోజువారీ పాత రేట్లకు అమెరికా ఫెడరల్ రిజర్వ్ పట్టిక కూడా ఉంది. 1973 జనవరి నుంచి రూపాయి రేటు అందులో దొరుకుతుంది, సెలవు రోజున అదీ ఖాళీయే వదులుతుంది. ఆ మేరకు పద్ధతి గలది. కాని అది న్యూయార్క్ మధ్యాహ్నపు రేటు, అప్పటికి మనకు రాత్రి తొమ్మిదిన్నరో పదిన్నరో అవుతుంది. చరిత్ర చదువుకోవడానికి అది హాయిగా ఉంటుంది, మన పన్ను కాగితానికి మాత్రం కుదరదు.

అంతకు ముందరి కాలానికి పట్టిక అక్కర్లేదు, నాలుగు అంకెలు గుర్తుంటే చాలు, ఎందుకంటే రేట్లు ఏళ్ల తరబడి కదలకుండా ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఒక రూపాయికి ఒక డాలరు అని ఏటా ఆగస్టు 15కి వాట్సాప్‌లో తిరిగే సందేశాన్ని మా ఆఫీసు గ్రూపులో ఖండించే పని నాదే. 1927 నుంచి రూపాయి విలువ 18 పెన్నీలు, పౌండుకు 240 పెన్నీలు. అంటే పౌండు 13 రూపాయల 33 పైసలు, పాత రూపాయి-అణా-పైస లెక్కలో 13-5-4. 1947లో పౌండుకు 4.03 డాలర్లు. భాగిస్తే డాలరు 3 రూపాయల 31 పైసలు. హైదరాబాద్ సంస్థానంలో ఉన్నవారికైతే డాలరు కంటే ముందు కల్దారు (బ్రిటిష్ ఇండియా రూపాయి) రేటు చూసుకోవాలి: 100 కల్దారు రూపాయలకు 116-10-8 హాలీ సిక్కాలు (నిజాం సొంత రూపాయలు), అంటే ఆరుకు ఏడు. ఆ లెక్కన డాలరు అక్కడ దాదాపు 3.86. మన నూటపదహార్ల ఆనవాయితీకి ఈ మారకమే మూలమని చెప్పేవారు కూడా ఉన్నారు.

1949 సెప్టెంబర్‌లో బ్రిటన్ పౌండును 2.80 డాలర్లకు దించితే రూపాయి కూడా దాని వెంటే దిగింది, డాలరు 4.76 అయింది, పౌండు మాత్రం 13.33 దగ్గరే ఉండిపోయింది. 1966 జూన్ 6న ఇందిరా గాంధీ ప్రభుత్వం రూపాయి విలువను తగ్గించడంతో డాలరు 7.50, పౌండు 21 రూపాయలు అయ్యాయి. దీన్ని కొందరు 36.5 శాతమని, కొందరు 57.5 శాతమని రాస్తారు. రూపాయి వైపు నుంచి చూస్తే మొదటిది, డాలరు వైపు నుంచి చూస్తే రెండోది. మరుసటి ఏడాది నవంబర్‌లో బ్రిటన్ మళ్లీ పౌండును 2.40 డాలర్లకు దించింది, ఈసారి మనం కదల్లేదు. పౌండు 18 రూపాయలకు పడిపోయింది, డాలరు 7.50 దగ్గరే ఉంది. 1949లో జరిగిందానికి ఇది సరిగ్గా అద్దంలో బొమ్మ. రెండు కరెన్సీల మధ్య రేటు మారిందంటే కదిలింది ఏదో చూడాలని కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను ఈ రెండు తేదీలతోనే చెబుతాను.

మార్కులు వేయమంటే రిజర్వు బ్యాంకు పట్టికలకు ఐదుకు నాలుగు వేస్తాను. ఒకటి తగ్గించింది దినార్, దిర్హమ్‌ల కోసం. మా ఆఫీసులో ఆ పట్టికలోని సంబంధిత వారాన్ని ప్రింటు తీసి, వాడిన వరుస కింద గీత గీసి, ఖాళీ ఉన్న చోట "వినాయక చవితి" అనో "ఆదివారం" అనో పెన్సిల్‌తో రాసి ఫైలులో కుడతాం. సెప్టెంబర్‌లో షేర్లు అమ్మిన ఆయన రిటర్నును అలాగే సరిచేసి, ఆగస్టు 30 నాటి టీటీ బయ్యింగ్ రేటు వేసి పంపాం. ఆ కాగితం మీద ఎర్ర సున్నా మాత్రం ఇంకా అలాగే ఉంది.